బాలానగర్‌లో సొంత లేత్ షెడ్డు: మిషన్ కొనేముందు, కొన్నాక

ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివి, ఏదో ఒక షెడ్డులో నాలుగైదేళ్లు చేయి తిరిగిన కుర్రాళ్లు వచ్చి నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఏ మిషన్ కొనాలె?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "పని ఎవరిస్తమన్నరు?" చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగకుండా ఇద్దరు పార్టీల (పని ఇచ్చేవాళ్ల) పేర్లు చెప్పగలిగినవాడికే మిగతా విషయాలు చెబుతాను. ఆ చెప్పేవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నాది బాలానగర్‌లో అద్దె షెడ్డు. రెండు లేత్‌లతో (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్లు) మొదలుపెట్టాను. తర్వాత మిల్లింగ్, ఈమధ్య ఒక సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మిషన్) వచ్చాయి. మా గల్లీలో ఇలాంటి షెడ్లు వరసగా ఉంటాయి. ఇవి ఇక్కడే ఎందుకు పుట్టాయో కొత్తవాళ్లకు తెలియదు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే పెట్టారు. సనత్‌నగర్‌లో ఆల్విన్ ఉండేది. తర్వాత ఐడీపీఎల్, హెచ్ఏఎల్, హెచ్ఎంటీ, ఈసీఐఎల్, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ వచ్చాయి. టూల్ డిజైన్ నేర్పడానికి 1968లో బాలానగర్‌లోనే సీఐటీడీ పెట్టారు. ఇంత పెద్ద ఫ్యాక్టరీలకు చిన్న చిన్న బుష్‌లు, పిన్నులు, ఫ్లాంజ్‌లు చేసిపెట్టేవాళ్లు కావాలి కదా. ఆ ఫ్యాక్టరీల్లో పని నేర్చుకుని బయటికొచ్చిన మిస్త్రీలు ఒక్కో లేత్ పెట్టుకున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకో షెడ్డు పెట్టారు. ఐడీపీఎల్, ఆల్విన్ మూతపడ్డాయి కానీ షెడ్లు మిగిలాయి. ఎందుకంటే పని చేతుల్లో ఉంది, గేటు లోపల లేదు.

ప్రభుత్వ లెక్కల్లో మనల్ని అసంఘటిత రంగం అంటారు. 2023-24 సర్వే ప్రకారం వ్యాపారం, సర్వీసులు, తయారీ అన్నీ కలిపి దేశంలో ఇలాంటి యూనిట్లు 7.34 కోట్లు, వాటిలో పనిచేసేవాళ్లు సుమారు 12 కోట్లు. అంటే సగటున యూనిట్‌కు ఇద్దరు కూడా లేరు. నలుగురు పనిచేసే లేత్ షెడ్డు ఆ లెక్కలో పెద్దదే! అయినా పదిహేనేళ్ల తర్వాత కూడా చాలా షెడ్లు అదే రెండు లేత్‌లతో, అదే అప్పుతో ఉంటాయి. పనితనం తక్కువై కాదు, లెక్కా కాగితం లేక.

ముందు పని, తర్వాత మిషన్

ఉద్యోగం చేస్తూనే మొదలుపెట్టండి. ఇప్పుడు మీరు చేస్తున్న షెడ్డు పార్టీలను మాత్రం లాక్కోవద్దు. ఈ గల్లీలో ఆ మాట మీకంటే ముందు తిరుగుతుంది. మెయింటెనెన్స్ పని బాగా ఉండే చోట్లు వెతకండి: జీడిమెట్ల ఫార్మా యూనిట్లు, ప్లాస్టిక్ మౌల్డింగ్ షాపులు, పిండి మిల్లులు, పంపు రిపేర్లు. వాళ్లకు షాఫ్ట్ విరిగితే రేపటికే కావాలి, రేటు దగ్గర గీచి గీచి బేరం చేయరు. పొద్దున షిఫ్టు అయ్యాక ఖాళీగా ఉన్న షెడ్డులో మిషన్‌ను గంటల లెక్కన అద్దెకు తీసుకుని ఆ పని చేసివ్వండి. చాలామంది ఓనర్లు ఇస్తారు, వాళ్లకూ ఖాళీ గంటలు బరువే.

ఇలా చేస్తే రెండు సంగతులు బయటపడతాయి. మీకు వచ్చే పని ఏ సైజుది? ఆరు అంగుళాల లోపు చిన్న జాబ్‌లా, మీటరు పొడవు షాఫ్ట్‌లా? దాన్ని బట్టే బెడ్ (లేత్ కింది పొడవాటి ఇనుప దిమ్మ) పొడవు నిర్ణయించాలి. రెండోది, ఏ పార్టీ డబ్బు టైముకిస్తుంది, ఎవరు "వచ్చే శుక్రవారం" అంటూ తిప్పుతారు అన్నది. ఈ రెండూ తెలియకుండా లేత్ కొనడం పిల్లను చూడకుండా పందిట్లో కూర్చోవడమే.

పాత లేత్ కొనేటప్పుడు

మొదటి లేత్ పాతదే కొనండి. పాత హెచ్ఎంటీ, మైసూర్ కిర్లోస్కర్ వాళ్ల లేత్‌లు, కోయంబత్తూరు పీఎస్‌జీవి ఇప్పటికీ దొరుకుతాయి. కాస్టింగ్ గట్టిది, వయసైనా నిలబడతాయి. బటాలా, రాజ్‌కోట్ లేత్‌లు చవక. రఫ్ పనికి సరిపోతాయి కానీ వాటిలో ఒకటికీ ఇంకోదానికీ పోలిక ఉండదు, ఒక్కొక్కటీ విడిగా చూసుకోవాలి.

కొత్త పెయింట్ వేసిన పాత లేత్ చూడగానే మురిసిపోవద్దు. పెయింట్ కింద ఏముందో చెప్పేది డయల్ గేజ్ (అతి చిన్న తేడాను ముల్లుతో చూపే కొలత సాధనం) ఒక్కటే. వెంట ఒక డయల్ గేజ్, మాగ్నెటిక్ స్టాండ్, మైక్రోమీటర్, 40 ఎంఎం రౌండ్ బార్ ముక్క ఒకటి తీసుకెళ్లండి. అమ్మేవాడు "కరెంటు లేదు సార్, రన్నింగ్ కండిషనే" అంటే, కరెంటు ఉన్నప్పుడు వస్తానని చెప్పి వెనక్కి వచ్చేయండి.

మిషన్ ఆన్ చేసి పై స్పీడులో అరగంట వదిలేయండి. ఈలోగా మిగతావి చూసుకోవచ్చు. క్రాస్ స్లైడ్ (టూల్‌ను జాబ్ వైపు జరిపే భాగం) హ్యాండిల్ ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి, స్లైడ్ కదలకుండా హ్యాండిల్ ఎంత తిరుగుతుందో చూడండి. కొంచెం ఆట ఎప్పుడూ ఉంటుంది. పావు చుట్టు ఉంటే నట్టు అరిగింది, అది మార్చుకోవచ్చు, రేటు తగ్గించమనండి. బెడ్ అరుగుదల మాత్రం మార్చుకునేది కాదు. బెడ్‌మీద వేలు పెట్టి చక్ (జాబ్‌ను పట్టి తిప్పే దవడలు) దగ్గర నుంచి అవతలి చివరన ఉండే టెయిల్‌స్టాక్ వైపు జరపండి. చక్ పక్కన అడుగు, అడుగున్నర దూరంలోనే ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే ముప్పై ఏళ్లుగా పని అంతా అక్కడే జరిగింది. మెట్టులాగా వేలికి తగిలితే ఆ మిషన్ వదిలేయండి.

అరగంట తర్వాత హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే గేర్ల పెట్టె) మీద బేరింగ్ ఉన్నచోట చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి నిలపలేనంత వేడి అయితే బేరింగ్ పోయింది, లేదా చప్పుడు దాచడానికి బిగించి పెట్టారు. స్పిండిల్ (చక్ బిగించే ఇరుసు) ముక్కు లోపలి టేపర్‌కు డయల్ ఆనించి చేత్తో చక్ నెమ్మదిగా తిప్పండి. ముల్లు 0.015, 0.02 ఎంఎం దాటి ఊగుతుంటే ఫిట్టింగ్ పనికి అది పనికిరాదు.

అసలు పరీక్ష చివర్లో. తెచ్చుకున్న బార్ ముక్కను చక్‌లో పట్టించి, సెంటర్ ఆనించకుండా 150 ఎంఎం పొడవు సన్నగా ఒక ఫినిషింగ్ కట్ వేయండి. చక్ దగ్గర, మధ్యలో, చివర మూడు చోట్ల మైక్రోమీటర్‌తో కొలవండి. మూడూ 0.02 ఎంఎం లోపు తేడాలో ఉంటే బేరం మొదలుపెట్టొచ్చు. చివరకు వెళ్లేకొద్దీ ఒకే తీరుగా పెరుగుతుంటే హెడ్‌స్టాక్ వరస తప్పింది, సరిచేయొచ్చు. మధ్యలో లావై చివర్లు సన్నగా వస్తే బెడ్ అరిగిందని అర్థం. తర్వాత ఒక మరచుట్టు కూడా కోసి చూడండి, హాఫ్ నట్ (మర కోసేటప్పుడు టూల్‌ను లాగే నట్టు) పళ్లు ఎంత మిగిలాయో అక్కడ తెలుస్తుంది. చేంజ్ గేర్లన్నీ ఉన్నాయా, స్టెడీ రెస్ట్ ఇస్తున్నాడా, నాలుగు దవడల చక్ ఉందా అడగండి. తర్వాత విడివిడిగా కొనాలంటే రాణీగంజ్ చుట్టూ తిరగడానికే ఒక నెల పోతుంది.

షెడ్డు, కరెంటు

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. త్రీ ఫేజ్, ఇండస్ట్రీ కేటగిరీ మీటరు ఉందా, ఓనర్ పేరు మీద మంజూరైన లోడ్ ఎంత, అందులో మీ వాటా ఎంత? మూడూ అగ్రిమెంట్‌లో రాయించండి. సబ్ మీటర్ అయితే యూనిట్‌కు ఓనర్ ఎంత తీసుకుంటాడో అంకె కూడా రాయించండి. ఇళ్ల మధ్య షెడ్డు చవకగా వస్తుంది, రాత్రి డ్యూటీ చేయలేరు. అంతే.

ఒక్క మాట మాత్రం జాగ్రత్త గురించి. లేత్ దగ్గర గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, మెడలో దారం, చేతికి కడియం ఏదీ వద్దు. చక్ కీ చక్‌లోనే వదిలి స్విచ్ వేసే అలవాటు ఉన్నవాడిని ఎంత పనిమంతుడైనా పెట్టుకోవద్దు.

గంటకు ఎంత?

షెడ్లు మునిగేది ఇక్కడే. "ఈ గల్లీలో లేత్‌కు గంటకు ఇంత నడుస్తుంది" అని విని అదే రేటు చెబుతారు. మీ షెడ్డు గంట ఖరీదు మీ ఖర్చుల్లోంచి రావాలి. లెక్క చూపడానికి రెండు లేత్‌ల షెడ్డు తీసుకుందాం. అద్దె 15,000. కరెంటు 6,000. టర్నర్ జీతం 22,000. హెల్పర్ 13,000. టిప్పులు, డ్రిల్ బిట్లు, ఆయిల్, కూలెంట్ 6,000. మిషన్ వాయిదా, రిపేర్లు కలిపి 8,000. ఇక మీ జీతం 25,000. "నేను ఓనర్‌ని కదా, జీతమేంటి" అనకండి. మీరు రెండో లేత్ నడుపుతున్నారు, బయటికెళ్తే ఎవరైనా ఇస్తారు ఆ డబ్బు. మొత్తం నెలకు 95,000.

ఇప్పుడు గంటలు. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, రెండు మిషన్లు: 416 గంటలు. 95,000ని 416తో భాగిస్తే గంటకు 228 వస్తుంది. చాలామంది ఇక్కడ పెన్ను మూసేస్తారు. కానీ మిషన్ నిజంగా చిప్ తీసేది ఎన్ని గంటలు? సెట్టింగ్, టూల్ గ్రైండింగ్, కరెంటు కోత, మెటీరియల్ కోసం ఎదురుచూపు, డ్రాయింగ్ అర్థంకాక పార్టీకి ఫోన్లు, పండగలకు ఊరెళ్లిన హెల్పర్... అన్నీ పోగా అరవై శాతం దక్కితే మీరు బాగా నడుపుతున్నట్టే. అంటే సుమారు 250 గంటలు. 95,000ని 250తో భాగిస్తే 380.

228కీ 380కీ మధ్య ఉన్న తేడాను ఒక బుష్ మీద పెట్టి చూద్దాం. ఈఎన్8 (ఒక రకం స్టీలు) మెటీరియల్, బయట 38 ఎంఎం, లోపల బోర్ 20, పొడవు 60. యాభై పీసులు. ముడి బార్ 40 ఎంఎం తీసుకోవాలి. రౌండ్ బార్ బరువు లెక్క అందరికీ తెలిసిందే: డయాను డయాతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు. 1600ని 162తో భాగిస్తే 9.88. ఫేసింగ్, పార్టింగ్ కలిపి పీసుకు 65 ఎంఎం పోతుంది, అంటే 642 గ్రాములు. తయారైన బుష్ బరువు 386 గ్రాములే. మిగిలిన 256 గ్రాములు, అంటే కొన్న ఇనుములో నలభై శాతం, కింద ట్రేలో టర్నింగ్ స్క్రాప్‌గా పడుతుంది.

కిలో 75 అనుకుంటే మెటీరియల్ 48 రూపాయలు. స్క్రాప్ కిలో 30కి పోతే 8 వెనక్కి వస్తుంది. నికరంగా 40. పీసుకు 14 నిమిషాలు, ఇరవై నిమిషాల సెట్టింగ్ యాభై మీద పంచితే ఇంకో అర నిమిషం కన్నా తక్కువ. గంటకు 380 లెక్కన 91. రిజెక్షన్‌కు 4, ఆటో కిరాయి 3. మొత్తం 138. లాభం పన్నెండు శాతం వేసుకుంటే 155 చెప్పాలి.

పక్క షెడ్డువాడు 228 లెక్కన చూసుకుంటే అతని ఖర్చు 102 అనిపిస్తుంది, 110కి ఒప్పుకుంటాడు, పీసుకు 8 మిగిలిందనుకుంటాడు. నిజానికి పీసుకు 28 పోతోంది. అయినా షెడ్డు వెంటనే మూతపడదు. ఎందుకంటే ఆ 28 పోయేది అతని సొంత జీతంలోంచి, మిషన్ ఆయుష్షులోంచి. నాలుగేళ్ల తర్వాత హెడ్‌స్టాక్ బేరింగ్ పోయినప్పుడు చేతిలో డబ్బుండదు, అప్పుడు వడ్డీకి తెస్తాడు. పదిహేనేళ్లయినా అవే రెండు లేత్‌లు అన్నాను చూడండి, దాని వెనక ఉన్నది ఈ లెక్కే.

మరి 110 చెప్పేవాడు పక్కనే ఉంటే 155కి ఎవరిస్తారు? కొన్ని పనులు పోతాయి, పోనివ్వండి. కానీ 14 నిమిషాలను 10కి తెచ్చే దారి వెతకండి, అది మీ చేతిలో ఉంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో 40 ఎంఎం జాబ్‌ను 200, 240 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతాం. కార్బైడ్ టిప్పు దానికి నాలుగు రెట్లు తట్టుకుంటుంది. మిషన్ గట్టిదైతే స్పీడు పెంచొచ్చు. పొడవుకు ఒక స్టాపర్ పెట్టుకుంటే ప్రతి పీసుకూ వెర్నియర్ తీయనక్కర్లేదు. రేటు తగ్గించాల్సి వస్తే నిమిషాల్లో తగ్గించండి, 380లో తగ్గించకండి.

పార్టీ మెటీరియల్ ఇచ్చే లేబర్ జాబ్ అయితే స్క్రాప్ ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోండి. యాభై బుష్‌లకు దాదాపు 13 కిలోల స్క్రాప్. నెలంతా కలిపితే చిన్న మొత్తం కాదు. దీని మీద గొడవపడి పదేళ్ల స్నేహాలు చెడగొట్టుకున్నవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు.

కొలత

డ్రాయింగ్‌లో ఆ 20 బోర్ పక్కన హెచ్7 అని ఉంటుంది. అంటే 20.000 నుంచి 20.021 వరకు. 21 మైక్రాన్లు. షెడ్డులో అందరి జేబుల్లో ఉండే వెర్నియర్ చూపగలిగే అతి చిన్న తేడా 0.02 ఎంఎం, అంటే 20 మైక్రాన్లు. హద్దు మొత్తం ఎంతో, కొలిచేదాని ఒక గీత అంతే. దాంతో హెచ్7 చూశానని చెప్పడం గుడ్డిగా చెప్పడమే. గో, నో-గో ప్లగ్ గేజ్ కొనండి. గో వైపు బరువు మీదే లోపలికి జారాలి, నో-గో వైపు మూతి దగ్గరే ఆగాలి.

ఇంకోటి, వేడి. బోరింగ్ అయిన వెంటనే చేతికి కాలే పీసులో గేజ్ పెట్టకండి. గది వేడి కన్నా 40 డిగ్రీలు ఎక్కువున్న స్టీలులో 20 ఎంఎం బోర్ తొమ్మిది మైక్రాన్ల దాకా పెద్దదిగా కనబడుతుంది. మీ దగ్గర గో ఆడిన పీసు పార్టీ ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద చల్లారి బిగిసిపోతుంది. రిజెక్షన్ చీటీ వస్తే టర్నర్‌ని తిడతాం, తప్పు తొందరది. పీసులు ఒక ఇనుప ట్రేలో పరిచి, ముందు బ్యాచ్ చల్లారాక కొలిచే అలవాటు చేయండి.

కొలిచింది రాయండి. స్కూలు నోట్‌బుక్ చాలు: తేదీ, చలాన్ నంబరు, ప్రతి ఐదో పీసు కొలతలు, చూసినవాడి సంతకం. పెద్ద కంపెనీ మనిషి షెడ్డు చూడటానికి వచ్చినప్పుడు మిషన్ మోడల్ కన్నా ముందు ఈ పుస్తకమే అడుగుతాడు. ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ కోసం తర్వాత డబ్బు కట్టొచ్చు, ఈ అలవాటు లేనివాడికి అది గోడకు వేలాడే పటమే అవుతుంది.

కాగితాలు

చిన్న పరిశ్రమలకు సర్కారు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై నుంచి ఉంది. ఆధార్, పాన్ ఉంటే ఫోన్‌లోనే అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. ఫీజు అడిగే వెబ్‌సైటు సర్కారుది కాదు. చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. నింపేటప్పుడు తయారీ అని పెట్టండి, ట్రేడింగ్ అని పెట్టకండి. బకాయిల చట్టం ఇచ్చే రక్షణ ట్రేడర్లకు రాదు.

జీఎస్టీ: జాబ్ వర్క్ (పార్టీ మెటీరియల్ మీద చేసిపెట్టే పని) సర్వీసు కిందికి వస్తుంది కాబట్టి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ వరకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మెటీరియల్‌తో కలిపి అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి 40 లక్షలు, మన తెలంగాణలో అదీ 20 లక్షలే. అయితే ఆ పరిమితికి చేరకముందే నంబరు అవసరం పడుతుంది. ఇన్‌పుట్ క్రెడిట్ రాని బిల్లు పెద్ద పార్టీలకు ఇష్టం ఉండదు. నా మాటగా చెప్పాలంటే, మొదటి ఏడాది రిపేరు పనుల మీద బతికేవాడికి జీఎస్టీ నంబరు టెన్షన్ అక్కర్లేదు. కంపెనీ పీఓ (పర్చేజ్ ఆర్డర్) చేతికొచ్చిన రోజు ఆలస్యం చేయొద్దు.

పార్టీ మెటీరియల్ ఎప్పుడూ చలాన్ మీదే తీసుకోండి. చట్టం ప్రకారం జాబ్ వర్క్‌కు పంపిన ముడి సరుకు ఏడాదిలోగా తిరిగి వెళ్లాలి. చలాన్ లేకుండా ఆటోలో దిగిన బార్లు రేపు ఎవరివని అడిగితే జవాబుండదు. వచ్చినప్పుడు తూకం వేసి చలాన్ మీదే బరువు రాసి, తెచ్చినవాడి సంతకం తీసుకోండి.

ఇక అసలు తలనొప్పి, బకాయిలు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్‌కు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల లోపు డబ్బు ఇవ్వాలి. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో కేసు వేస్తే రాష్ట్ర కౌన్సిల్ ముందుకు వెళ్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ కేసు వేసిన పార్టీ దగ్గర మళ్లీ పని రాదు, అందుకే మనలో ఎవరూ వేయరు. ఆదాయపు పన్నులో 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నిబంధన కొంత పనిచేసింది: గడువు దాటి బాకీ ఉంచితే ఆ ఖర్చును కొనేవాడు ఆ ఏడాది లెక్కలో చూపుకోలేడు, చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. మార్చి వచ్చేసరికి అకౌంట్స్ వాళ్లే ఫోన్ చేసి "మీ ఉద్యమ్ సర్టిఫికెట్ పంపండి" అంటున్నారు. ఇదే కారణంతో "మాకు ఉద్యమ్ ఉన్న వెండర్ వద్దు" అన్నవాళ్లూ ఉన్నారు. అలాంటివాడు ముందే తన ఉద్దేశం చెప్పాడనుకుని పక్కకు జరగండి.

నేను పాటించేది మామూలు పద్ధతి. కొత్త పార్టీ అయితే మెటీరియల్ డబ్బు బయానాగా ముందే. మూడు బిల్లుల తర్వాతే అప్పు. ఏ ఒక్క పార్టీ బాకీ కూడా మన నెల ఖర్చు, అంటే ఆ 95,000, దాటకూడదు. దాటే రోజు తయారైన సరుకు షెడ్డులోనే ఉంటుంది. గొడవపడనక్కర్లేదు, "డెలివరీ రెడీగా ఉందన్నా, పాత బిల్లు క్లియర్ చేస్తే ఆటో ఎక్కిస్తా" అంటే చాలు. మా ఇంట్లో బిల్లుల పుస్తకం మా ఆవిడ చూస్తుంది. పార్టీలకు నేను ఫోన్ చేస్తే సాకులు చెబుతారు, ఆమె చేస్తే తేదీ చెబుతారు. కారణం ఏంటో గానీ బాగా పనిచేస్తోంది.

అప్పు

పీఎంఈజీపీ (కేంద్రం స్వయం ఉపాధి పథకం) కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు వరకు బ్యాంకు లోన్, దాని మీద సబ్సిడీ ఉంటుంది. జనరల్ వాళ్లకు పట్టణంలో 15 శాతం, పల్లెలో 25. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకు పట్టణంలో 25, పల్లెలో 35. రెండు విషయాలు గుర్తుంచుకోండి. కొత్త యూనిట్‌కే ఇస్తారు, ముందే షెడ్డు పెట్టేసి వెళ్తే రాదు. సబ్సిడీ డబ్బు చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్‌లో సర్దుబాటు అవుతుంది. ఈ పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు, వెళ్లేముందు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో అడగండి. పాత మిషన్‌కు ఇలాంటి లోన్ దొరకడం కష్టం, కొత్తదాని కొటేషనే అడుగుతారు. పాత లేత్‌కు ముద్రా నయం. అందులో కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. 10 లక్షల లోపు లోన్‌కు ఇంటి కాగితాలు తాకట్టు పెట్టమంటే, ఆర్‌బీఐ నిబంధన అలా లేదు కదా సార్ అని మర్యాదగా అడగండి. మేనేజర్ గొంతు మారుతుంది.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఆ గంట రేటు లెక్క, ఆరు నెలల చలాన్లు, బిల్లులు ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి. "లేత్ షెడ్డు" అనగానే పెదవి విరిచే ఆఫీసరు కూడా ఆ కాగితం తిప్పి చూస్తాడు.

సీఎన్‌సీ ఎప్పుడు?

షెడ్డు కాస్త నిలబడగానే అందరి కళ్లూ సీఎన్‌సీ మీద పడతాయి. పక్కవాడు కొన్నాడని కొనొద్దు. ఆ బుష్‌నే మళ్లీ తీసుకోండి. లేత్ మీద సెట్టింగ్ 20 నిమిషాలు, పీసుకు 14. సీఎన్‌సీ మీద ప్రోగ్రామ్, సెట్టింగ్ కలిపి గంటన్నర, పీసుకు 3 నిమిషాలు అనుకుందాం. లేత్ గంటకు 380, సీఎన్‌సీ గంటకు 700. పది పీసులకు లేత్ మీద సుమారు 1,013, సీఎన్‌సీ మీద 1,400. ఇరవై పీసులకు లేత్ మీద 1,900, సీఎన్‌సీ మీద 1,750. పద్దెనిమిది పీసుల దగ్గర తారుమారవుతుంది. అంటే మీకు వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం అంతకు మించిన సంఖ్యలో, అవే పీసులు మళ్లీ మళ్లీ వస్తుంటేనే సీఎన్‌సీ. చలాన్ పుస్తకం తెరిచి గత ఏడాది ఆర్డర్ల పక్కన పీసుల సంఖ్య రాసుకుంటూ పోండి, జవాబు అందులోనే ఉంటుంది.

ఆ 700 కూడా మిషన్ రోజుకు రెండు షిఫ్టులు తిరిగితే వచ్చే అంకె. ఒక్క షిఫ్టే నడిపితే వాయిదా భారమంతా సగం గంటల మీద పడి రేటు వెయ్యి దాటుతుంది. అందుకే కొనడానికి ముందు రెండో షిఫ్టు ఆపరేటర్ దొరికాడా అన్నది చూసుకోండి. దొరక్కపోతే మీ హెల్పర్‌నే సీఐటీడీ లాంటి చోట ప్రోగ్రామింగ్ కోర్సుకు పంపండి, ఫీజు సగం మీరు కట్టండి. మిషన్ డెలివరీకి ఎలాగూ టైం పడుతుంది, ఆలోగా అతను నేర్చుకుని వస్తాడు. పాత లేత్‌లు మాత్రం అమ్మకండి. ఒక్క పీసు రిపేరు పని, విరిగిన షాఫ్ట్, అరిగిన పుల్లీ వాటి మీదే చేయాలి. రాత్రి పదకొండుకు ఫార్మా యూనిట్ నుంచి వచ్చే ఫోన్ ఆ పని కోసమే, దాని రేటు మీరు చెప్పిందే.